బాంజాంగ్‌నిమ్ కుడి చెయ్యి

ఫిరంగులు పరీక్షించే రేంజ్‌కి చేరేసరికి మధ్యాహ్నం రెండూ పది. నవంబరు మూడో వారం, సోమవారం. అడిలైడ్‌లో ఉదయం ఎనిమిదికి నాలుగు బళ్ళలో బయలుదేరాం. పోర్ట్ అగస్టాలో డీజిల్ పోయించుకున్నాం. అక్కణ్ణించి ఉత్తరంగా రోడ్డుకి రెండు పక్కలా ఏమీ లేదు. ఎర్ర నేల. దాని మీద ఎవరో పరిచినట్టు నున్నటి చిన్న రాళ్ళు. మోకాలెత్తు బూడిద రంగు పొదలు. బండి తలుపు తెరవగానే ఈగలు. కళ్ళలోకి, ముక్కులోకి, మాట్లాడబోతే నోట్లోకి. నీడలో నలభై ఒక్క డిగ్రీలు.

క్యాంపు అంటే ఆరు రేకు గదులు, ఒక మెస్, ఒక పెద్ద షెడ్డు, దూరంగా మట్టి రన్‌వే. ఫోన్ సిగ్నల్ లేదు. మెస్‌లో మాత్రం శాటిలైట్ వైఫై ఉంది. కాబట్టి ఇంటికి మాట్లాడాలన్నా, క్రికెట్ స్కోరు చూడాలన్నా అందరం అన్నాల గదికే రావాలి.

నేనప్పుడు ఆస్ట్రేలియా సైన్యంలో కార్పొరల్‌ని. వెహికల్ మెకానిక్‌ని. తొమ్మిదేళ్ళ సర్వీసు. నాకిచ్చిన ఆర్డరు ఒక్క పేజీ. అయిదు వారాలు. కొరియాలో డిజైన్ చేసిన ఫిరంగి బండి ఒకటి ఈ ఎండలో, ఈ దుమ్ములో ఎలా పనిచేస్తుందో చూడాలి. రోజూ తెల్లారగానే కాల్చడం మొదలుపెట్టి, పదిన్నరకి ఆపెయ్యాలి. ఏ భాగం వేడెక్కింది, ఏది ఇరుక్కుంది, ఏది విరిగింది, అంతా రాయాలి. బండి బరువు నలభై ఏడు టన్నులు. చూడ్డానికి ట్యాంకులా ఉంటుంది. దాని గుండు ఒక్కోటి నలభై అయిదు కిలోల దాకా తూగుతుంది. మేం కాల్చేవి ప్రాక్టీసు గుళ్ళు, లోపల పేలుడు మందు ఉండదు. మనిషి మీద పడితే తేడా ఏమీ ఉండదు.

నన్నే ఎందుకు పంపారంటే, నాకు కొరియన్ కొంచెం వచ్చు. మాది చిత్తూరు జిల్లా నగరి. డిప్లొమా అయ్యాక శ్రీపెరంబుదూరులో కొరియా వాళ్ళ కార్ల ఫ్యాక్టరీలో మూడేళ్ళు లైన్ మీద పనిచేశాను. తర్వాతే ఆస్ట్రేలియాకి చదువుకోడానికి వచ్చాను. ఆ మూడేళ్ళలో వచ్చిన కొరియన్ అంతా పని మాటలే. బిగించు, ఆపు, మళ్ళీ చెయ్యి, తప్పు ఎవరిది. చదవడం విడిభాగాల పెట్టెల మీది అక్షరాలు చూసి నేర్చుకున్నాను.

కొరియా నుంచి అయిదుగురు వచ్చారు. ఒక మేనేజరు. ముప్పై దాటిన ఒక ఇంజనీరమ్మాయి, లెక్కలన్నీ ఆమెవే, ఇంగ్లీషూ ఆమెదే. పెద్దగా మాట్లాడని టెక్నీషియన్లు ఇద్దరు. అయిదో ఆయన అరవై అయిదేళ్ళ మనిషి. రిటైరయ్యాక మళ్ళీ పిలిపించుకున్నారట. ఆ ఫిరంగి తొలి నమూనా తయారైనప్పట్నించీ దాని మీద చెయ్యివేసిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. మొదటిరోజు నాకు అలవాటైన మాటతో పలకరించాను. "బాంజాంగ్‌నిమ్." ఫ్యాక్టరీలో మేస్త్రీ గారూ అని పిలిచే మాట అది. ఆయన నావైపు తిరిగి, నా గోధుమ రంగు మొహాన్నీ నా యూనిఫామ్‌నీ చూసి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. చెప్పాను. ఆ రోజునుంచి ఆయన పక్కన పనిచెయ్యడం నా డ్యూటీ అయింది.

లేచేది నాలుగున్నరకి. అయిదింటికి టిఫిన్. అయిదున్నరకి గన్ లైన్. మెస్ నడిపేది ఒక కాంట్రాక్టరు, వంటాయన మాత్రం మన కడప మనిషి ఖాదర్ భాయ్. యాభై అయిదు ఉంటాయి. గల్ఫ్‌లో ఆయిల్ క్యాంపుల్లో ఇరవై ఏళ్ళు వండి, కూతురి దగ్గరికని అడిలైడ్ వచ్చి, ఇంట్లో ఊరికే కూచోలేక ఈ ఎడారికి వచ్చాడు. కొరియా వాళ్ళ కోసం మొదటి వారంలోనే పల్చటి గంజి చెయ్యడం నేర్చుకున్నాడు. నాకు మాత్రం ఎవరూ చూడకుండా ఎర్రకారం గిన్నె పెట్టేవాడు.

సాయంత్రం నాలుగు తర్వాత షెడ్డులో బాంజాంగ్‌నిమ్, నేను విడిభాగాలు తుడిచేవాళ్ళం. ఆయన నాతో చిన్నపిల్లలతో మాట్లాడినట్టు పొట్టి మాటల్లో మాట్లాడేవాడు, నాకు అర్థం కావాలని. సౌదీ, అనేవాడు. ఎనభై రెండు. రోడ్లు వేశాం. ఇదే ఎండ, ఇవే ఈగలు. రెండేళ్ళు అక్కడ చేసి, తిరిగెళ్ళి చాంగ్వన్‌లో ఫిరంగి గొట్టాలు కోసే ఫ్యాక్టరీలో చేరాడట. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో ఎండాకాలం వస్తే బియ్యం ఉండేవి కావట. బార్లీ కోతకొచ్చేదాకా ఆకులూ వేళ్ళూ ఉడకబెట్టుకు తినేవారట. ఒకసారి కింద నుంచి గుప్పెడు ఎర్ర మట్టి తీసి నాకు చూపించాడు.

"ఈ మట్టి ఓడల్లో మా దేశం వస్తుంది. ఉక్కు అవుతుంది. చూడు, ఫిరంగి అయి మళ్ళీ మీ దగ్గరికే వచ్చింది."

నవ్వుతూనే అన్నాడు. గర్వంగానే అన్నాడు. మా ట్రయల్స్ ఆఫీసరు ఒక కెప్టెన్. ఆమె మాతో ఇంకోలా చెప్పేది. మనం వాళ్ళకి ఇనుమూ బొగ్గూ గ్యాసూ అమ్ముతాం, వాళ్ళు మనకి ఇవి అమ్ముతారు, ఈ సముద్రాల్లో ఇప్పుడు ఎవరూ ఒంటరిగా ఉండలేరు, అంతే విషయం అనేది. రెండూ నిజమే.

రెండో వారంలో ఆయన నాకు ఫోన్‌లో కొడుకు ఫొటో చూపించాడు. ముప్పై నాలుగేళ్ళవాడు. నల్ల టోపీ. స్పెషల్ ఫోర్సెస్‌లో సార్జెంటు. అందంగా ఉన్నాడని అన్నాను. "వద్దన్నాను. వినలేదు," అన్నాడు ఆయన. వాళ్ళ దేశంలో మగవాళ్ళందరూ ఎలాగూ సైన్యంలో కొన్నాళ్ళు చెయ్యాలి కదా, మీరెక్కడ చేశారని అడిగాను. మోకాలు తట్టి చూపించాడు. విమానంలోంచి దూకే దళం. అప్పుడు పాడైందట. ఎక్కడ పోస్టింగని అడిగాను. ఊరికే, మాట సాగదీయడానికి.

"గ్వాంగ్జు. ఎనభై."

అని స్పానర్ కింద పెట్టి చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయాడు. తిరిగి రాలేదు.

నాకు ఆ పేరు తెలీదు. ఆ సాయంత్రం మెస్‌లో కూచుని వెతికాను. ఆ సంవత్సరం మే నెలలో ఆ ఊళ్ళో జనం మార్షల్ లా వద్దని రోడ్డెక్కారు. సైన్యం వాళ్ళని కొట్టింది, కాల్చింది. ముందు పంపింది విమానాల్లోంచి దూకే దళాలనే. చదివి ఫోన్ మూసేశాను. మర్నాడు ఆయన మామూలుగా పలకరించాడు. నేనూ మామూలుగానే పలకరించాను. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక ఆ బుధవారం.

డిసెంబరు మొదటి వారం. నాలుగున్నరకి లేచి, నాలుగూ నలభైకి మెస్‌కి వెళ్ళాను. ఇంకా తెల్లారలేదు. మామూలుగా ఆ వేళకి ఖాదర్ భాయ్ ఒక్కడే ఉంటాడు. ఆ రోజు కొరియా వాళ్ళు అయిదుగురూ ఉన్నారు. ఒక ఫోన్‌ని సాస్ సీసాకి ఆనించి నలుగురు చుట్టూ కూచున్నారు. ఇంజనీరమ్మాయి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఏమైందని అడిగాను. అర్ధరాత్రి వాళ్ళ అక్కకి మెసేజ్ పెడదామని మెస్‌కి వచ్చిందట, అప్పుడు చూసిందట. వాళ్ళ ప్రెసిడెంటు టీవీలోకి వచ్చి దేశమంతా మార్షల్ లా ప్రకటించాడు. సైనికులు హెలికాప్టర్లలో పార్లమెంటు దగ్గర దిగారు. మెంబర్లు గోడలెక్కి లోపలికెళ్ళి, అది చెల్లదని ఓటేశారు. ఓటేసి రెండు గంటలయింది. ప్రెసిడెంటు మాత్రం ఇంకా బయటికి రాలేదు. రద్దు చేశానని చెప్పలేదు. మా టైముకీ వాళ్ళ టైముకీ గంటన్నర తేడా. అక్కడ అప్పుడు మూడూ పది.

"నలభై నాలుగేళ్ళు," అందామె నాతో ఇంగ్లీషులో. "మా అమ్మ చెప్పే కథ అనుకున్నాను నేను. అయిపోయిన కథ."

బాంజాంగ్‌నిమ్ వాళ్ళతో లేడు. చివరి బల్ల దగ్గర విడిగా కూచున్నాడు. తన ఫోన్‌లో ఒకే వీడియో ముందుకీ వెనక్కీ జరుపుతున్నాడు. నల్ల బట్టలు, హెల్మెట్లు, మొహాలకి ముసుగులు. కిటికీ పగలగొట్టి లోపలికి దూకుతున్న సైనికులు. ఒక్కొక్కణ్ణీ ఆపి చూస్తున్నాడు. భుజాలు చూస్తున్నాడు, నడక చూస్తున్నాడు. నేను పక్కన కూచున్నాను. ఆయన తల తిప్పలేదు.

"మా వాడి దళమే. మా టైము పదకొండింటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు," అన్నాడు.

మళ్ళీ ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఖాదర్ భాయ్ గంజి తెచ్చి ముందు పెట్టాడు. ఆయన ముట్టలేదు. టీ గ్లాసు ఎత్తబోతే సగం బల్ల మీద ఒలికింది. ఒలికిన సంగతి ఆయనకి తెలీలేదు.

అయిదున్నర దాటినా ఎవరూ గన్ లైన్‌కి కదల్లేదు. అయిదూ యాభై ఏడుకి వార్త వచ్చింది. మార్షల్ లా ఎత్తేస్తున్నారు. సైనికులు బారక్స్‌కి వెళ్ళిపోతున్నారు. ఇంజనీరమ్మాయి బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. టెక్నీషియన్లు లేచి ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకున్నారు. మేనేజరు అప్పటికే లేచి నిలబడి చొక్కా సర్దుకుంటున్నాడు. కొడుకు మాత్రం ఫోన్ ఎత్తలేదు.

కెప్టెన్ వచ్చింది. సంగతి విని, కావాలంటే ఈ రోజు ఆపేద్దాం, రేపు కాల్చుకోవచ్చు అంది. మేనేజరు వద్దన్నాడు. శుక్రవారం ఇంకో దేశం వాళ్ళు ఈ ఫిరంగిని చూడ్డానికి వస్తున్నారు. ఈ ఒక్క రోజు మేం ఆగితే మా దేశమే ఆగిపోయిందనుకుంటారు, అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. యాభై ఏళ్ళు కట్టుకున్న పేరు ఒక్క పూటలో పోతుందేమోనని ఆయన మొహంలో తెలుస్తూనే ఉంది.

నేను హెల్మెట్ తెచ్చుకోడానికి వెళ్తుంటే ఖాదర్ భాయ్ వంటగది తలుపు దగ్గర ఆపాడు.

"శేఖరా, ముసలాయన సెయ్యి వణుకుతాండాది, సూసినావా?"

"రాత్రంతా నిద్ర లేదు కదా భాయ్. అంతే."

"నిద్ర కాదబ్బా. కొడుకు ఏమైనాడో తెలీక కూసున్నోడు ఆయన. మీ మేడంకి ఒక మాట సెప్పు. ఈ పూట ఆయన్ని మిషన్ దగ్గరికి పోనియ్యొద్దు."

చెప్తానన్నాను. చెప్దామనే బయటికి వచ్చాను. షెడ్డు ముందు బాంజాంగ్‌నిమ్ నా కోసం నిలబడి ఉన్నాడు. ఆయనకి ఎలా తెలిసిందో నాకు తెలీదు. నా మొహంలో కనిపించి ఉంటుంది.

"నన్ను ఆపొద్దని చెప్పు. పని లేకుండా కూచుంటే ఈ రోజు నేను గడపలేను," అన్నాడు.

రెండు నిమిషాల తర్వాత కెప్టెన్ నన్ను పక్కకి పిలిచింది. నీకు వాళ్ళ భాష వచ్చు, రోజూ ఆయన పక్కనే ఉంటావు, ఆయన బాగానే ఉన్నాడా, పనికి పంపొచ్చా అని అడిగింది. సూటిగా అడిగింది. పంపొచ్చు మేడమ్, బాగానే ఉన్నాడు అన్నాను.

ఆ మాట అన్నాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

ఏడింటికి కాల్చడం మొదలైంది. గన్ లైన్‌లోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. మెస్ గుమ్మం దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉంటుంది, బయలుదేరే ముందు అందరూ అందులో పెట్టాలి. బాంజాంగ్‌నిమ్ తన ఫోన్ అందరికన్నా చివర పెట్టాడు. పెట్టాక కూడా రెండు సెకండ్లు డబ్బా వైపు చూశాడు.

ఫిరంగి లోపల ఉండేది మా ఆస్ట్రేలియా గన్నర్లే. కొరియా వాళ్ళు బయట పందిరి కింద లెక్కలు చూస్తుంటారు. ఏదన్నా ఆగితే గన్నర్లు దిగిపోతారు, బాంజాంగ్‌నిమ్, నేను లోపలికి వెళ్తాం. మొదటి పదమూడు గుళ్ళు సరిగ్గా వెళ్ళాయి. ఎనిమిదీ ముప్పై రెండుకి పధ్నాలుగోది ఇరుక్కుంది. గుండుని గొట్టంలోకి తోసే యంత్రాన్ని రామర్ అంటాం. నూనె పీడనంతో పనిచేసే ఇనుప చెయ్యి అది. సగం దాకా తోసి ఆగిపోయింది. దుమ్ము పట్టి ఉంటుంది. అంతకు ముందు వారంలో రెండుసార్లు అలాగే అయింది. గుండుని బయటికి విసిరే మందు సంచీ ఇంకా పెట్టలేదు కాబట్టి పేలే ప్రమాదం లేదు. గన్నర్లు దిగారు. బయట ముప్పై ఆరు డిగ్రీలు. లోపల ఇంకా ఎక్కువ.

నా చేతిలో చెక్ కార్డు. పన్నెండు లైన్లు. ఆ కార్డు కొరియన్‌లో మొదట రాసింది బాంజాంగ్‌నిమే. నేను చదవాలి, ఆయన చేసి చెప్పాలి, నేను కళ్ళతో చూసి టిక్కు పెట్టాలి. మొదటి మూడు అయ్యాయి. నాలుగోది నూనె పంపు ఆపడం. స్విచ్చి ఆయన అవతలి పక్క ఉంది. దాని మీది ఎర్ర లైటు ఆరిందో లేదో నేను ఆయన భుజం మీదుగా వంగి చూడాలి.

చదివాను. "ఆపాను," అన్నాడు.

నేను వంగలేదు. ముందు రెండుసార్లూ ఆయన అన్నాడంటే ఆపేసే ఉన్నాడు. టిక్కు పెట్టాను.

ఆయన కుడి చెయ్యి లోపల పెట్టి గుండు వెనక దుమ్ము తుడిచాడు. రామర్ వదులై ముందుకి జరిగింది. పెద్ద శబ్దం ఏమీ రాలేదు. కారు తలుపు మెల్లగా వేసినట్టు వచ్చింది. ఆయన అరవలేదు. ఊపిరి బయటికి వదిలాడు, అంతే. నేను ఆయన మీదుగా పడి స్విచ్చి నొక్కాను. అప్పుడు ఎర్ర లైటు ఆరింది.

మెడిక్‌ని కేకేశాను. రేడియో తీశాను.

"జీరో, ఇది గన్ వన్. నో డఫ్. కాజువాలిటీ ఒకరు. చెయ్యి నలిగింది. ప్రయారిటీ వన్."

జీరో అంటే కెప్టెన్ ఉండే కంట్రోల్ పోస్టు. నో డఫ్ అంటే ఇది ట్రైనింగ్ కాదు, నిజంగా జరిగింది అని. తొమ్మిదేళ్ళలో ఆ మాట నేను రేడియోలో అనడం అదొక్కసారే. అవతల నుంచి కెప్టెన్ గొంతు ప్రశాంతంగా వచ్చింది. విన్నాను, విమానం పిలుస్తున్నాను, టైము ఎనిమిదీ నలభై ఒకటి.

రామర్‌ని చేత్తో తిప్పి వెనక్కి లాగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ ఆయన నా మొహంలోకే చూస్తూ ఉన్నాడు. మెడిక్ ఇరవై నాలుగేళ్ళమ్మాయి. కట్టు బిగించింది. నొప్పి తగ్గడానికి మేమందరం పచ్చ విజిల్ అనే మందు గొట్టం నోట్లో పెట్టి పీల్చమంది. స్ట్రెచర్ మీద రన్‌వే పక్క రేకు షెడ్డు కిందికి తీసుకెళ్ళాం. విమానం రావడానికి గంటా పది నిమిషాలు పడుతుందన్నారు.

ఇంటివాళ్ళ నంబరు కావాలని మెడిక్ అడిగింది. నేను మెస్‌కి వెళ్ళి డబ్బాలోంచి ఆయన ఫోన్ తెచ్చాను. స్క్రీన్ మీద కొడుకు నుంచి మిస్డ్ కాల్స్ తొమ్మిది. కింద ఒక మెసేజి. మా టైము ప్రకారం ఎనిమిదీ యాభై రెండుకి వచ్చింది. చెయ్యి నలిగిన పదకొండు నిమిషాల తర్వాత.

ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. ముందు నా కోసం, తర్వాత ఆయన చెవి దగ్గర వంగి పైకి.

"నాన్నా. బారక్స్‌కి వచ్చేశాం. నేను ఒక్క గుండూ కాల్చలేదు. ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు."

ఆయన విజిల్ నోట్లోంచి తీశాడు. మళ్ళీ చదవమన్నట్టు కళ్ళతో అడిగాడు. మళ్ళీ చదివాను. కాసేపు పైన రేకుల వైపు చూశాడు. కళ్ళ పక్కనించి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడవబోతే తల తిప్పాడు.

"నేను కాల్చాను," అన్నాడు. "ఒకామె. చేతిలో అన్నం పళ్ళెం ఉంది. జనానికి పెట్టడానికి తెస్తోంది."

మెడిక్ ఏమంటున్నాడని అడిగింది. నొప్పి అంటున్నాడని చెప్పాను. ఆయన కట్టు వైపు చూపు తిప్పాడు. విమానం వచ్చేదాకా నేను పక్కన ఈగలు తోలుతూ కూచున్నాను.

పది ముప్పావుకి విమానం వెళ్ళిపోయింది. ఇంజనీరమ్మాయి ఆయనతో పాటు వెళ్ళింది. నేను ఫిరంగి లోపల బకెట్టు, గుడ్డ తీసుకుని కడిగాను. ఇంకెవరన్నా చేస్తామన్నా ఒప్పుకోలేదు. మధ్యాహ్నం రెండింటికి కెప్టెన్ నన్ను ఆఫీసు గదికి పిలిచి ఎదురుగా కూచోబెట్టుకుంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. టీ ఒలకడం, వంటాయన చెప్పిన మాట, షెడ్డు ముందు ఆయన అడిగిన మాట, నేను చూడకుండా పెట్టిన టిక్కు. రన్‌వే షెడ్డు కింద ఆయన నాతో చెప్పింది మాత్రం చెప్పలేదు. అది నాది కాదు. ఆమె అంతా రాసుకుంది. పెన్ను పక్కన పెట్టి, ఎందుకు చెప్పలేదు అంది.

ఆయన అడిగాడు మేడమ్, అన్నాను.

"ఆయన అడిగాడు. నేనూ అడిగాను కదా."

కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అంది.

సాయంత్రం ఖాదర్ భాయ్ ప్లేటు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను ముందే చెప్పాను కదా అని ఆయన అనలేదు. అని ఉంటే తేలిగ్గా ఉండేది. ఎదురుగా కూచుని, నేను తినేదాకా లేవలేదు.

శుక్రవారం రావలసిన వాళ్ళు రాలేదు. ట్రయల్స్ ఆపేశారు. పది రోజులకి మమ్మల్ని వెనక్కి పంపారు. ఎంక్వైరీ మూడు నెలలు నడిచింది. తప్పు నాదీ, ఆయనదీ అని తేల్చారు. ఫిరంగిది కాదని రాశారు. అది నిజమే. నా ర్యాంకు తగ్గించారు. కెప్టెన్‌కి ఆ ఏడాది రావలసిన ప్రమోషన్ రాలేదు. నన్ను నమ్మినందుకు. నేను మరుసటి ఏడాది సైన్యం వదిలేశాను. ఇప్పుడు క్యాన్‌బెర్రాలో బస్సులు రిపేరు చేస్తాను. అక్కడే హారిసన్ అనే పేటలో ఉంటాం.

ఇంటికొచ్చిన రోజు నా కూతురు వాకిట్లోకి పరిగెత్తుకొచ్చింది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "డాడ్, డిడ్ యూ గెట్ టు ఫైర్ ఇట్?" అంది. లేదమ్మా, నేను రిపేర్లే చేశాను అన్నాను. దాని మొహం కొంచెం చిన్నబోయింది. మా ఆవిడ నర్సు. నా చేతిలో సంచీ తీసుకుని, నన్ను ఒకసారి పైనించి కిందికి చూసి, స్నానానికి నీళ్ళు పెడతానంది. పది రోజుల తర్వాత అడిగింది. అప్పుడు చెప్పాను, రన్‌వే షెడ్డు కింద విన్నది తప్ప. అది ఇదే మొదటిసారి చెప్పడం. ఆయన పేరు రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

వీకెండ్ బార్బెక్యూల్లో మన వాళ్ళు అడుగుతుంటారు. బ్రో, ఆర్మీలో చేశావు కదా, యాక్షన్ ఏమన్నా చూశావా అని. కొరియా డ్రామాలు చూసేవాళ్ళూ, కొరియా కార్లు నడిపేవాళ్ళూ. లేదు, నేను యుద్ధానికి వెళ్ళలేదు అంటాను. మాట వేరేవైపు వెళ్ళిపోతుంది.

కొడుకు గురించి ఇంజనీరమ్మాయి తర్వాత ఒక మెయిల్ రాసింది. ఆ రోజు పార్లమెంటు దగ్గరికి వెళ్ళినవాళ్ళందరినీ పిలిచి వాంగ్మూలాలు తీసుకున్నారట. ఇతను కూడా ఇచ్చాడట. ప్రెసిడెంటు పదవి పోయింది. కొడుకు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడట. తండ్రి చాంగ్వన్‌లో ఇంట్లో ఉంటున్నాడట. ఎడమ చేత్తో తినడం వచ్చిందట. తన సంగతి ఆయన కొడుక్కి చెప్పాడో లేదో ఆమె రాయలేదు. ఆ సంగతి ఉందని ఆమెకి తెలుసో లేదో నాకు తెలీదు.

రేంజ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు అడిలైడ్‌లో ఒక పూట ఆగాం. నేను ఆసుపత్రికి వెళ్ళాను. నాలుగో అంతస్తు, కిటికీ పక్క మంచం. నాలుగు వేళ్ళు తీసేశారు, బొటనవేలు మిగిలింది. వాపు ఎక్కకూడదని చేతిని తెల్లటి కట్టులో చుట్టి, మంచం పక్కనున్న ఇనుప స్టాండుకి ఎత్తుగా, తలకన్నా పైకి కట్టారు. నన్ను చూడగానే ఆయన లేవబోయాడు. వద్దంటున్నా వినలేదు. మంచం మీదే వెన్ను నిటారుగా పెట్టి, కాళ్ళు దగ్గరికి లాక్కుని కూచున్నాడు. నేను క్షమించమని అడగడానికి కొరియన్‌లో మాటలు కూర్చుకుని వెళ్ళాను. దారిలో పదిసార్లు అనుకున్నాను. అవి నోట్లోంచి వచ్చేలోపే ఆయన నాకు తల వంచాడు. వాళ్ళ పద్ధతిలో, నుదురు మోకాళ్ళకి తగిలేదాకా. చాలాసేపు లేవలేదు. ఒళ్ళంతా అలా కిందికి వంగిపోయి ఉంటే, ఆ చెయ్యి ఒక్కటీ తెల్లగా, పైకి ఎత్తి ఉంది.

బస్సుల షెడ్డులో పనిచేస్తుంటాను. ఇంట్లో అన్నం తింటుంటాను. ఆయన ఇంకా అలాగే వంగి ఉంటాడు. ఆ చెయ్యి ఇంకా అలాగే పైకెత్తి ఉంటుంది.